కోతకాలం ఎప్పుడు?

ప్రశ్న: మా ఇంట్లో రోజూ బైబిల్ చివరి పుస్తకం, లోకాంతం గురించి చెప్పే ప్రకటన గ్రంథం చదువుతారు. లోకాంతం కోసం ఎదురుచూసేవాళ్లు రాజకీయాల జోలికి పోగా నేనైతే చూడలేదు. మరి విప్లవ సిద్ధాంతానికి ఈ నమ్మకం కూడా ఒక మూలమని ఎక్కడో చదివాను. అదెలా సాధ్యం? - ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: చాలామంది విషయంలో మీరన్నది నిజమే. దేవుడే వచ్చి అంతా సరిచేస్తాడని నమ్మినవాడు కర్ర పట్టుకుని రోడ్డెక్కడు. ఆ రోజు ఎప్పుడో కాదు, ఇప్పుడే, పని చేయాల్సింది కూడా మనమే అని ఎవరైనా అంటేనే గొడవ మొదలవుతుంది. జర్మనీలో తోమస్ మ్యుంట్సర్ అనే పాస్టర్ అన్నది అదే.

బైబిల్‌లోని మత్తయి సువార్తలో గోధుమలు, గురుగుల (కలుపు మొక్కల) ఉపమానం మీకు తెలిసే ఉంటుంది. కోత దాకా, అంటే లోకాంతం దాకా, రెండింటినీ కలిసి ఎదగనివ్వమంటాడు యజమాని. మ్యుంట్సర్ 1521లో ప్రాగ్‌లో రాసిన ప్రకటనలో, కోతకాలం వచ్చేసింది, నా కొడవలి నూరుకున్నాను అన్నాడు. వాక్యం అదే, కాలం ఒక్కటే ముందుకు జరిపాడు, దాంతో ఓపిక పట్టమన్న ఉపమానం కాస్తా తిరుగుబాటు చేయమన్నట్టు తయారైంది!

ఇక్కడ చాలామంది వదిలేసే సంగతొకటి ఉంది. ఆ కోత కోసేది రాజులేనని అతను మొదట్లో ఆశపడ్డాడు. 1524 జూలైలో అల్‌స్టెట్ కోటలో, సాక్సనీ పాలకుడు డ్యూక్ యోహాన్ ఎదుటే బైబిల్‌లోని దానియేలు గ్రంథం రెండో అధ్యాయం ఎత్తుకుని, లోకరాజ్యాలకు గుర్తయిన, ఇనుమూ మట్టీ కలిసిన పాదాల విగ్రహాన్ని రాయి కూల్చే రోజు వచ్చిందని, మీరు దేవుడి పక్షాన నిలబడకపోతే కత్తి మీ చేతుల్లో ఉండదని మొహం మీదే చెప్పాడు. వాళ్లు నిలబడలేదు. అప్పుడు సామాన్యుల వైపు తిరిగాడు.

రైతుల కోపానికి అతనే కారణం కాదు లెండి. వెట్టి బతుకు, పన్నులు, అడవిలో కట్టెలకూ ఏట్లో చేపలకూ అడ్డంకులు, ఇవన్నీ 1525 మార్చిలో మెమ్మింగెన్‌లో తయారైన పన్నెండు డిమాండ్లలో ఉన్నాయి. మ్యుంట్సర్ ఆ కష్టాలకు ఒక ముహూర్తం పెట్టాడు. మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్‌లో ఇంద్రధనుస్సు జెండాతో నిలబడ్డ రైతులను రాజుల సైన్యం ఊచకోత కోసింది, వేలమంది పోయారు. 27న మ్యుంట్సర్ తల నరికారు. అంతకుముందు చిత్రహింసలు పెట్టి రాయించుకున్న వాంగ్మూలంలో, సొత్తంతా అందరిదీ కావాలన్న మాట ఉంది. అది తొలి క్రైస్తవులు ఆస్తిని ఉమ్మడిగా ఉంచుకున్నారని చెప్పే, బైబిల్‌లోని అపొస్తలుల కార్యముల నాలుగో అధ్యాయమే.

యూరప్‌లో 1848-49 విప్లవాలు ఓడిపోయాక, 1850లో మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ఈ రైతు యుద్ధం మీద పుస్తకమే రాశాడు. మ్యుంట్సర్ మతభాష పైతొడుగు మాత్రమేనని, లోపల ఉన్నది వర్గపోరాటమని ఆయన వాదన. నాకిది సగమే నిజమనిపిస్తుంది, ఎందుకంటే దానియేలును తీసేస్తే రాజుల ముందు అలా మాట్లాడే ధైర్యం ఆ పాస్టర్‌కి ఎక్కడిది? 1921లో ఎర్న్‌స్ట్ బ్లాక్ అనే మార్క్సిస్టు తత్వవేత్త అతణ్ణి విప్లవ వేదాంతి అనే పిలిచాడు. నాటి కమ్యూనిస్టు తూర్పు జర్మనీ అయితే ఏకంగా 5 మార్కుల నోటు మీద అతని బొమ్మ వేసింది.

అలాగని మార్క్సిజం మారువేషంలో ఉన్న ప్రకటన గ్రంథమేనని కొందరు అంటుంటారు, దాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఎంగెల్స్ తన సిద్ధాంతాన్ని మ్యుంట్సర్ దగ్గర నేర్చుకోలేదు. తన పక్షం ఓడిపోయినప్పుడు, ఇంతకుముందు ఇలాగే ఓడినవాళ్లెవరా అని వెనక్కి వెతికితే అతను దొరికాడు.