కళింగపట్నం పాత రేవుకు జెట్టీ ఎందుకు లేదు? ఇప్పుడు అక్కడ ఏం చూడొచ్చు?

కళింగపట్నంలో ఓడ ఒడ్డుకు ఆనేంత లోతు లేదు. ఓడలు సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకు మసూలా పడవల మీద కెరటాలు దాటి ఒడ్డుకు వచ్చేది. ఆ పడవ పలకలకు మేకులుండవు, కొబ్బరి తాడుతో కుడతారు. అందుకే ఇసుకకు గట్టిగా తగిలినా చీలిపోకుండా వంగుతుంది. మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బలకు అతుకులు విడిపోతాయి.

రేవు పడిపోవడానికి ప్రధాన కారణం, నా దృష్టిలో, రైలు. 1890లలో వేసిన తూర్పు తీరం లైను ఇక్కడికి రాకుండా ఆమదాలవలస మీదుగా వెళ్లింది, సరుకూ అటే మళ్లింది. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఓడలకు నేరుగా ఒడ్డున ఆగే వీలు దొరికింది. పైగా వంశధార నది తెచ్చే ఇసుకను, అది సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాలు మేట వేస్తాయి. వరదకు అది తెగుతుంది, మళ్లీ పేరుకుంటుంది.

బ్రిటిష్ కాలపు లైట్‌హౌస్ చూడండి. సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమవైపు నది మొగ. సూర్యోదయం వేళ మట్టిరంగు నీరు నీలంలో కలిసే గీత స్పష్టంగా కనిపిస్తుంది, ముఖ్యంగా వానాకాలంలో. మొగ దగ్గర మాత్రం స్నానానికి దిగకండి. పోటుపాట్లకు ప్రవాహం దిశ మారుతుంది, కాలి కింద ఇసుక జారిపోతుంది.

తిరుగు దారిలో శాలిహుండం కొండ ఎక్కండి, బౌద్ధ స్తూపాలున్నాయి. వాటిని 1919లో గిడుగు రామమూర్తి గుర్తించారు. పైనుంచి వంశధార బాగా కనిపిస్తుంది.