పిల్లల బేస్‌బాల్‌లో అంపైర్ వల్ల ఆట నిజంగా మారిపోతుందా?

మారుతుంది, కానీ ఏదో ఒక్క తప్పుడు నిర్ణయం వల్ల కాదు, స్ట్రైక్ జోన్ వల్ల, అంటే బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బంతి కూడా స్ట్రైక్‌గా (బ్యాటర్‌కి నష్టంగా) లెక్కపడే ఊహా చట్రం వల్ల. అమెరికా లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) రూల్ ప్రకారం అది బ్యాటర్ చంకల నుంచి మోకాళ్ల పైభాగం దాకా, వెడల్పేమో బ్యాటర్ పక్కన నేలమీదుండే ప్లేట్ అంత, అంటే 17 అంగుళాలు. పదేళ్ల పిచర్ (బంతి వేసేవాడు) అంత కచ్చితంగా వేయలేడు కదా, అంపైర్ జోన్‌ని మరీ బిగిస్తే నాలుగు బాల్స్ (జోన్ బయట పడి, బ్యాటర్ కొట్టబోకుండా వదిలేసిన బంతులు) పడటం, బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి (పరుగు దారిలో మొదటి మజిలీకి) నడుచుకుంటూ పోవడం, ఇదే తంతు. పైగా 9-10 ఏళ్లవాళ్లకి రోజుకి 75 పిచ్‌లే (వేసే బంతులే) పరిమితి, కాబట్టి మంచి పిచర్ తొందరగా దిగిపోతాడు. జోన్ కాస్త వదులుగా ఉంటే పిల్లలు బ్యాట్ ఊపుతారు, ఫీల్డర్లకీ పని దొరుకుతుంది (నాకైతే ఇదే నయం). అంపైర్లలో చాలామంది డబ్బు తీసుకోని వాలంటీర్లే. స్ట్రైకా బాలా అన్నదానిపై ప్రొటెస్ట్ (అధికారిక అభ్యంతరం) చెల్లదు, రూల్‌ని తప్పుగా వాడితే మాత్రం టీమ్ మేనేజర్ అడగొచ్చు.