ముంగిస పట్టిన పెట్ట

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మొన్న మధ్యాహ్నం పెరట్లో ముంగిస మా గుడ్ల పెట్టను మెడ వెనక పట్టేసింది. కర్ర తీసుకుని అరుస్తూ పరిగెత్తితే వదిలేసి పోయింది. వీపు మీద ఈకలు ఊడిపోయాయి, రెండు మూడు గాట్లు పడ్డాయి. పసుపు అద్దాను. మూల నిలబడి కునుకుతోంది, గింజ ముట్టట్లేదు. మా అత్తగారు ఇక బతకదు, కూర వండేద్దాం అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మూడో రోజుకీ నిలబడే ఉందంటే సగం గండం గడిచినట్టేనమ్మా, అత్తగారిని కాస్త ఆగమనండి. గాయం చిన్నదైనా బెదురుతోనే చచ్చిపోయే కోళ్లుంటాయి, దానికి తోడు మన హడావిడి ఒకటి. ఒకసారి కుక్క నోట్లోంచి తప్పించుకొచ్చిన మా పుంజుకి దాహమేమోనని ముక్కు తెరిచి నీళ్లు పోశాను, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి నా చేతుల్లోనే పోయింది. కుక్క వదిలేసింది గానీ నేను వదల్లేదు.

అందుకని ముందు దాన్ని గంప కింద పెట్టి పైన గోనెసంచి కప్పండి, గాలి ఆడాలి గానీ చీకటిగా, వెచ్చగా ఉండాలి. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది, ఈకలు ఊడిన వీపుతో మీ కొండగాలికి అది తట్టుకోలేదు. పక్కన చిన్న గిన్నెలో ఓఆర్‌ఎస్ నీళ్లు పెట్టండి, తాగితే అదే తాగుతుంది. తర్వాత నానిన నూకలు, ఉడికించి చిదిమిన గుడ్డు (కోడికి గుడ్డేమిటని నవ్వకండి, ఇష్టంగా తింటుంది). కాస్త తేరుకున్నాక మిగతా కోళ్లకు కనబడేలా ఉంచండి గానీ కలపకండి, ఎర్రగా కనిపిస్తే చాలు పొడిచి పొడిచి పెడతాయి.

ఇక గాయం. ఆ పసుపు పెచ్చుకట్టి కింద ఏముందో కనబడనివ్వదు, కడిగేయండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాన్నర ఉప్పు, అంటే 9 గ్రాములు, గోరువెచ్చగా ఉన్నప్పుడు ధారగా పోయాలి. చుట్టూ ఈకలు కత్తిరించండి, పీకకండి. తర్వాత పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన బెటాడిన్. ముంగిస కోర సన్నంగా, లోతుగా దిగుతుంది, పైన మూసుకుపోయి లోపల కుళ్లుతుంది. పైగా కోడికి చీము మనకులా కారదు, జున్నులా గట్టిగా గడ్డకడుతుంది, కారట్లేదు కదా అని ఊరుకుంటే మోసపోతాం. రోజూ వాసన చూడండి. ఈగలు వాలనివ్వకండి, గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులవుతాయి.

వాసన వచ్చినా, చర్మం కింద గాలి బుడగలా ఉబ్బినా, తాగిన నీళ్లు మెడ కిందనుంచి కారినా (మేత సంచి చిరిగిందన్నమాట) ఇంటి వైద్యం ఆపి మీ ఎల్‌ఐ (పశువులను చూసే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) గారికో పశువుల డాక్టరుకో చూపించండి. ఇంట్లో మిగిలిన మాత్రలు మాత్రం నూరిపోయకండి.

ముంగిస మళ్లీ వస్తుంది, రుచి మరిగింది కదా. దాన్ని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, కాబట్టి గూటికి అరంగుళం కన్ను ఉన్న ఇనుప మెష్ కొట్టించి, కింద కూడా తవ్వి పాతించండి.

డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే గుడ్లు, మాంసం ఎన్ని రోజులు తినకూడదో అడిగి తెలుసుకోండి. అత్తగారి కూర సంగతి కూడా అక్కడే తేలిపోతుంది.