కాలువలో నేర్చిన ఈతతో స్ప్రింట్ ట్రయాథ్లాన్ చేయవచ్చా?

మీరు అడిగింది ఇదీ: వయసు నలభైకి దగ్గర పడింది, ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలరు, సైకిల్ అలవాటే, ఈత మాత్రం చిన్నప్పుడు కాలువలో నేర్చుకున్నదే. విజయవాడలో జరిగే చిన్న స్ప్రింట్ ట్రయాథ్లాన్‌కి (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీలో తక్కువ దూరాలది) పేరు ఇవ్వవచ్చా, ఇస్తే దేని మీద ఎక్కువ సమయం పెట్టాలి అని.

ఇవ్వండి. నేనూ ఇంచుమించు మీలాగే మొదలుపెట్టాను. మన సైక్లింగ్, రన్నింగ్ గ్రూపుల వాళ్ళు కలిసి పెట్టుకున్న ఒక చిన్న పోటీ పూర్తి చేశాను. ఆ అనుభవంతో చెప్పే సలహా ఒక్కటే: మీకున్న సమయంలో సగం ఈతకి పెట్టండి. వేగం కోసం కాదు, నీళ్ళలోంచి పైకి వచ్చేసరికి ఊపిరి మీ అదుపులో ఉండటం కోసం.

స్ప్రింట్ అంటే మామూలుగా 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీలో ట్రయాథ్లాన్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు పెట్టిన దూరాల్లో ఇది సరిగ్గా సగం. చిన్న పోటీల్లో దొరికిన పూల్‌ని బట్టి, రోడ్డుని బట్టి దూరాలు కాస్త అటూ ఇటూ అవుతుంటాయి, ముందే కనుక్కోండి.

కాగితం మీద లెక్క వేస్తే ఈతకి అంత సమయం దండగ అనిపిస్తుంది. 100 మీటర్లకి 3 నిమిషాల చొప్పున నింపాదిగా ఈదినా 750 మీటర్లకి పట్టేది 22 నిమిషాల 30 సెకన్లే. సైకిల్ గంటకి 25 కిలోమీటర్ల వేగంతో తొక్కితే 48 నిమిషాలు. ఎక్కువ సేపు ఉండేది సైకిల్ మీదే కదా, సాధన కూడా దాని మీదే చేద్దాం అనుకుంటారు చాలామంది. కానీ సైకిల్ మీద అలసిపోతే కాసేపు నెమ్మదిగా తొక్కవచ్చు, పరుగులో అలసిపోతే నడవవచ్చు. నీళ్ళలో ఆయాసం వచ్చి కంగారు పుడితే మిగతా రెండింటి మీద ఎంత సాధన చేసినా ఆ నిమిషంలో అక్కరకు రాదు. ఒకవేళ ఎలాగో ఒడ్డెక్కినా, గుండె దడదడలాడుతుండగా సైకిలెక్కితే మొదటి అరగంట తేరుకోవడానికే సరిపోతుంది.

బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో ఈత నేర్చిన వాళ్ళకి నీళ్ళంటే బెరుకు ఉండదు. అది చాలా పెద్ద ఆస్తి, తక్కువగా చూడకండి. కాకపోతే కాలువ ఈతలో తల పైకెత్తి ఈదడం అలవాటవుతుంది. తల లేచేకొద్దీ నడుమూ కాళ్ళూ కిందికి దిగుతాయి, అప్పుడు ముందుకు వెళ్ళాల్సిన బలమంతా మునిగిపోకుండా ఉండటానికే ఖర్చవుతుంది. పైగా కాలువలో ప్రవాహం మనల్ని మోసుకుపోతుంది, పూల్‌లో ఆ సాయం ఉండదు. అందుకే కాలువలో వంతెన నుంచి వంతెన దాకా ఈదేవాళ్ళు కూడా పూల్‌లో రెండు లెంగ్తులకే (ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒక లెంగ్తు) ఆగిపోతారు. బలం తక్కువై కాదు.

నాకు ఈత సరిదిద్దిన మాస్టారు మొదటి రోజు చేతుల గురించీ కాళ్ళ గురించీ ఏమీ చెప్పలేదు. గట్టు పట్టుకుని ముఖం నీళ్ళలో పెట్టి బుడగలు వదలమన్నారు. "పీల్చడం ఎవరికైనా వస్తుంది బాబూ, వదలడం నేర్చుకో" అనేవారు. ఇది ఎందుకు పనిచేస్తుందో తర్వాత అర్థమైంది. ఊపిరి బిగబట్టినప్పుడు గాలి కావాలనే ఆ ఆత్రం ఆక్సిజన్ అయిపోవడం వల్ల వచ్చేది కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల వచ్చేది. నీళ్ళలో ముఖం ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో నెమ్మదిగా వదులుతూ ఉంటే, పక్కకి తిరిగినప్పుడు పీల్చడం దానంతట అదే జరిగిపోతుంది. తల ఎత్తకుండా, ఒంటితో పాటు పక్కకి తిప్పి పీల్చండి. ఇది ఒంటికి పట్టేదాకా దూరం లెక్క పెట్టుకోవద్దు.

పట్టాక 25 మీటర్లు ఈది, ఊపిరి మామూలయ్యేదాకా ఆగి, మళ్ళీ 25 చేయండి. ఆగే సమయం తగ్గించుకుంటూ పోండి. 50 మీటర్ల పూల్‌లో 750 అంటే 15 లెంగ్తులు, 25 మీటర్ల పూల్‌లో 30. పోటీ రోజుకి మీరు నెమ్మదిగానైనా 1000 మీటర్లు ఆగకుండా ఈదగలిగి ఉంటే ఈత మీకు పెద్ద విషయంగా అనిపించదు. పూల్‌కి వెళ్ళేముందు ఈతకి వాడే నైలాన్ దుస్తులు, టోపీ, కళ్ళద్దాలు కొనుక్కోండి. చాలా చోట్ల కాటన్ బట్టలతో దిగనివ్వరు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ట్రయాథ్లాన్‌లో ఫ్రీస్టైలే (బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈత) ఈదాలన్న నియమం లేదు. బ్రెస్ట్ స్ట్రోక్ (కప్ప ఈత) చేయవచ్చు, వెల్లకిలా తేలి ఊపిరి తీసుకోవచ్చు. ముందుకు లాక్కోనంత వరకూ తాడునో, నీళ్ళ మీద తేలే బోయానో పట్టుకుని ఆగవచ్చు. నేను ప్రతి వారం సాధనలో ఒకసారి మధ్యలో కావాలని ఆగి, వెల్లకిలా తిరిగి, పది ఊపిర్లు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. పోటీలో మొదటి నిమిషాల్లో పక్కవాళ్ళ కాళ్ళూ చేతులూ తగులుతున్నప్పుడు ఆ అలవాటే నన్ను నిలబెట్టింది.

నది గురించి గట్టిగా చెప్పాలి. ప్రకాశం బ్యారేజీ పైన కృష్ణ నిండుగా, కదలనట్టు కనిపిస్తుంది. చూస్తే దిగాలనిపిస్తుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళకి నది పేరెత్తితేనే టెన్షన్, ఆ టెన్షన్‌లో న్యాయం ఉంది. ఇసుక తవ్విన చోట అడుగున గుంతలుంటాయి, మోకాలి లోతు నీళ్ళలో నుంచి ఒక్క అడుగులో తలమునకలు అయిపోవచ్చు. ఒంటరిగా దిగవద్దు. ఏళ్ళ తరబడి అక్కడ ఈదుతున్న బృందాల వాళ్ళతో, వాళ్ళు దిగే చోటే, నడుముకి తేలే బోయా కట్టుకుని దిగండి. పైనుంచి వరద వచ్చి గేట్లెత్తే రోజుల్లో అసలు ఆ ఊసే వద్దు.

సైకిల్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది మీకు వచ్చు. కొత్తది కొనకండి. ఉన్నదాన్నే సర్వీస్ చేయించి, పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగేలా సీటు ఎత్తు సరిచేయించుకుంటే చాలు. గంటకి 25 బదులు 24 కిలోమీటర్ల వేగంతో వెళితే మీకు పోయేది 2 నిమిషాలే, కానీ పరుగుకి మిగిలే కాళ్ళు వేరు. తేలిక గేరులో కాళ్ళు త్వరత్వరగా తిప్పుతూ వెళ్ళండి. కృష్ణ మీది కనకదుర్గ వారధి మీద ఎదురుగాలి ఉన్న రోజు సాధన చేయడం మంచిది. అయితే వారధి మీద లారీలు విపరీతం, తెల్లవారి వెలుగు వచ్చాకే, వెనక లైటుతోనే. నియమాల్లో రెండు మర్చిపోవద్దు: హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి, తిరిగి స్టాండులో పెట్టేదాకా తీయకూడదు. మామూలు పోటీదారులకి ముందు సైకిల్ వెనక అతుక్కుని వెళ్ళడం చాలా పోటీల్లో నిషేధం, స్ప్రింట్‌లో ముందు సైకిల్‌కి వదలాల్సిన దూరం సాధారణంగా 10 మీటర్లు.

సైకిల్ దిగి పరుగు మొదలుపెట్టినప్పుడు కాళ్ళు పరాయి వాళ్ళవిలా ఉంటాయి. ముందుకు వంగి కూర్చుని గుండ్రంగా తిప్పిన కాళ్ళు ఒక్కసారిగా నిటారుగా ఒంటి బరువు మోయాలి మరి. దీనికి మందు ఒకటే, వారానికోసారి సైకిల్ తొక్కి దిగగానే పది నిమిషాలైనా పరుగెత్తడం. చిన్న అడుగులు వేయండి, మొదటి కిలోమీటరు గడియారం చూడకండి. సర్దుకుంటాయి. ఈ సాధన చేసేటప్పుడే తువ్వాలు, బూట్లు, హెల్మెట్ వరసగా పెట్టుకోవడం, ఈతకి దిగిన బట్టల్లోనే మిగతాదంతా పూర్తి చేయడం కూడా అలవాటు చేసుకోండి.

మన ఎండకి, ఉక్కకి తగ్గట్టు సాధన తెల్లవారుజామునే ముగించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ తాగితే దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి, లీటరుది లీటరులోనే. చిక్కగా తాగితే దాహం తీరదు సరికదా, కడుపులో తిప్పుతుంది. పోటీ ఉదయం రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు నాకు సరిపోయాయి. ఆ ఒక్కరోజు కారప్పొడి, అల్లం పచ్చడి మానేయండి. బీపీ, షుగర్ ఉన్నా, మెట్లెక్కేటప్పుడు గుండెలో బరువుగా అనిపిస్తున్నా, పేరు ఇచ్చే ముందే డాక్టరుకి చూపించుకోండి.

డబ్బు కట్టే ముందు నిర్వాహకులకి ఫోన్ చేయండి. ఈత పూల్‌లోనా, నదిలోనా? నీళ్ళ దగ్గర లైఫ్‌గార్డులు ఎంతమంది? నది అయితే పడవలు ఎన్ని? సైకిల్ దారిలో బండ్లు ఆపుతారా? అంబులెన్స్ అక్కడే ఉంటుందా? వీటికి సూటిగా జవాబు వస్తే పేరు ఇవ్వండి. "చూస్తామండి, ఏర్పాటు చేస్తాం" అని దాటేస్తే ఆ పోటీ వదిలేసి ఇంకోదాని కోసం ఆగండి, ఈలోగా ఈత ఇంకా బాగుపడుతుంది.