రామప్ప గుడి: తేలే ఇటుకలు, ఇసుక పునాది, నేను చూసినవి

పాలంపేటలోని రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లమీద తేలతాయన్న మాట నిజమేనా, ఎనిమిది వందల ఏళ్లుగా ఆ గుడి ఇసుక మీద నిలబడి ఉందంటే నమ్మవచ్చా అని మీరు అడిగారు. మాది ములుగు ప్రాంతం. చిన్నప్పుడు శివరాత్రికి మా తాతయ్య చెయ్యి పట్టుకొని వెళ్లిన గుడి అది. తరువాత ముప్పై ఏళ్లు సివిల్ ఇంజనీరుగా కట్టడాల మధ్యే బతికాను కనుక, చిన్ననాడు విన్న కథలను పునాదులూ బరువులూ తెలిసిన కంటితో మళ్లీ మళ్లీ వెళ్లి పరిశీలించే అవకాశం నాకు దొరికింది.

ముందు పేరు సంగతి చెబుతాను. రామప్ప అనే శిల్పి నలభై ఏళ్లు చెక్కాడని, అందుకే దేవుడి పేరు కాక శిల్పి పేరు గుడికి నిలిచిందని తాతయ్య ఎంతో గర్వంగా చెప్పేవారు. గుడి ఆవరణలోని శాసనం మాత్రం శక సంవత్సరం 1135లో, అంటే క్రీ.శ. 1213లో, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడని చెబుతుంది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది కూడా రుద్రేశ్వరాలయం అన్న పేరుతోనే, రామప్ప అన్న మాటను పక్కన చేర్చి. ఇప్పుడు స్వామిని రామలింగేశ్వరుడని కొలుస్తున్నారు కాబట్టి రామప్ప అన్న పిలుపు అక్కడినుంచి వచ్చి ఉండవచ్చని నా ఊహ. అయినా శిల్పిని తలచుకొనే కథను ఊళ్లో ఎవరూ వదులుకోరు. నాకూ వదులుకోవాలని లేదు.

ఇక ఇటుకల విషయం. అవి తేలతాయి, ఇందులో సందేహం లేదు. సుమారు పాతికేళ్ల క్రితం ఒక పెద్దాయన బకెట్టు నీళ్లలో చిన్న ఇటుక ముక్క వేసి చూపించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ముక్క మునిగి, మళ్లీ పైకి వచ్చి, చెక్కముక్కలా నిలిచింది. నీటికంటే తక్కువ సాంద్రత ఉన్న వస్తువు ఏదైనా తేలుతుంది కనుక ఇందులో ప్రకృతి నియమానికి విరుద్ధమైనది ఏదీ లేదు. అయితే కాల్చిన మట్టి నీటికంటే రెండున్నర రెట్లు బరువైనది. అది తేలాలంటే ఇటుకలో సగానికి మించి, దాదాపు మూడింట రెండు వంతులు, ఖాళీ గాలి గదులే ఉండాలి. అంత ఖాళీ ఉన్న ఇటుక చేతిలో పొడి కాకుండా, శిఖరంలో తన పైవరుసల బరువును మోస్తూ నిలవడం దగ్గరే అసలు చిక్కు ఉంది.

ఆ చిక్కు ఎంతటిదో నేను చేసి చూస్తేనే తెలిసింది. మా ఊరి కుమ్మరి ఒకాయన సాయంతో చెరువు మట్టిలో వరి ఊక, రంపపు పొట్టు వేరువేరు పాళ్లలో కలిపి, అరచేతిలో పట్టేంత ఇటుకలు చేసి, కుండలు కాల్చే ఆయన ఆవంలోనే కాల్పించాను. ఊక తక్కువ వేసినవి రాయిలా మునిగాయి. ఎక్కువ వేసినవి తీసేటప్పుడే అంచులు రాలిపోయాయి. మూడో విడతలో రెండు మాత్రం తేలాయి, కుమ్మరీ నేనూ పిల్లల్లా సంతోషించాం. కానీ పావుగంట గడిచేసరికి అవి నెమ్మదిగా నీళ్లు తాగి అడుగుకు చేరాయి. ఊక కాలిపోయి మిగిల్చిన రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటే నీరు దారి చేసుకొని లోపలికి వెళుతుంది. ఇటుక ఎక్కువసేపు తేలాలంటే ఆ రంధ్రాలు విడివిడిగా, మూసుకొని ఉండాలి. మట్టి ఎంపిక, పొట్టు నలగగొట్టిన తీరు, మంట వేడి, ఆరబెట్టిన రోజులు, ఇవన్నీ కలిసి కుదిరితే తప్ప అది సాధ్యం కాదు. పాళ్లు రాసిపెట్టిన తాళపత్రం ఏదో పోయిందని చాలామంది బాధపడతారు గానీ, పోయింది తాళపత్రం కాదు, ఆవం దగ్గర తరతరాలుగా కూర్చున్న మనుషుల చేతివాటం అని నాకు ఆ రోజు అనిపించింది.

ఇంత కష్టపడి తేలిక ఇటుక ఎందుకు చేశారన్న ప్రశ్నకు జవాబు నేల కింద ఉంది. ఒక ఘనమీటరు గ్రానైటు దాదాపు రెండు వేల ఏడు వందల కిలోలు తూగుతుంది. ఈ ఇటుక అంతే పరిమాణంలో వెయ్యి కిలోలకు లోపే. గర్భగుడి మీది శిఖరాన్ని రాతితో కట్టి ఉంటే ఆ ఒక్క మూలన పడే బరువు మంటపం కింద పడే బరువుకంటే ఎంతో ఎక్కువై, ఒకవైపే కుంగేది. పునాదిని, శిఖరాన్ని ఒకే ఆలోచనలో రెండు కొసలుగా చూస్తే తప్ప ఈ గుడి అర్థం కాదని నా గట్టి నమ్మకం.

ఆ పునాది సంగతికి వస్తే, కాకతీయులు గొయ్యి తవ్వి ఇసుక నింపి దాని మీద రాతి పీఠం లేపేవారన్నది కేవలం కథ కాదు. హనుమకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని పునర్నిర్మాణం కోసం రాయి రాయి విప్పినప్పుడు అడుగున ఇసుకే బయటపడింది. ఆ మంటపాన్ని తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో భక్తులకు తెరిచారు. నలువైపులా కదలకుండా బంధించి గట్టిగా దట్టించిన ఇసుక, మీద పడిన బరువును సమంగా పంచుతుంది. భూమి అదిరినప్పుడు ఆ అదురును కొంత తనలోనే రేణువుల రాపిడిగా అరిగిస్తుంది. అలాగని ఇసుక మీద ఏది కట్టినా భూకంపానికి నిలుస్తుందని అనుకోవద్దు. వదులుగా ఉండి నీటితో నిండిన ఇసుక అదిరితే బురదలా జారిపోతుంది, దాని మీది ఇల్లు ఒరిగిపోతుంది. దట్టించడం, కట్టడి చేయడం, ఈ రెండింటిలోనే వారి నేర్పు ఉంది.

ఆ ఇసుకలో బెల్లం, కరక్కాయ కలిపారని కూడా మీరు విని ఉంటారు. మన మేస్త్రులు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోయడం నేను చిన్నతనంలో కళ్లారా చూశాను. దానివల్ల సున్నం పట్టు పెరుగుతుంది. సున్నానికి చెందిన ఆ అలవాటు జనం నోట పునాది ఇసుకకు అంటుకొని ఉంటుందని నేను అనుకుంటున్నాను.

వేణుగోపాలుడి శిల్పం పక్కన తడితే సరిగమలు పలుకుతుందన్నదానిలో వింత తక్కువ: పొడవు, మందం వేరైన సన్నని రాతి పలకలు వేరువేరు స్థాయిల్లో మోగుతాయి. దయచేసి తట్టి చూడవద్దు, ఇప్పటికే ఎన్నో వేళ్లు ఆ రాతిని అరగదీశాయి. నాకు అంతకంటే ఆశ్చర్యం మంటపం బయట చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికలు, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీ విగ్రహాలు. ఎర్ర ఇసుకరాతి గోడల నేపథ్యంలో నిలిచిన ఆ పన్నెండు విగ్రహాల నగలను ఎంతో సన్నగా చెక్కారు. డోలరైటు అనే ఆ నల్లరాయి ఎంత కఠినమైనదో, దాన్ని ఉలితో ఒకసారి తాకి చూసినవాడికి తెలుస్తుంది.

ఒకసారి ఉదయం అభిషేకం ముగిశాక గర్భగుడి ముందున్న రంగమంటపం కడుగుతుంటే నేను అక్కడే ఉన్నాను. పోసిన నీళ్లు వాలు ప్రకారం బయటికి పోకుండా మధ్యలో ఒకచోట మడుగు కట్టాయి. నేల బండలు అలలా లేచి, కుంగి ఉన్నాయి. స్తంభాలు, దూలాలు కూడా కొద్దికొద్దిగా ఒరిగాయి. అంటే అడుగున నేల కదిలింది, గుడి ఆ కదలికకు తగ్గట్టు సర్దుకుంది, రాళ్లు మాత్రం విడిపోలేదు. మీరు వెళ్లినప్పుడు శిఖరం వైపు తల ఎత్తేముందు, పొద్దుటి ఏటవాలు వెలుతురులో ఆ నేలను ఒక్కసారి వంగి చూడండి. తరువాత కిలోమీటరు దూరంలోనే ఉన్న, అదే రుద్రుడు తవ్వించిన రామప్ప చెరువు కట్ట మీదికి నడిచి వెళ్లండి.