దీపం పాతబడితే దూరం ఎంత తప్పుతుంది?

ప్రశ్న: ఒంగోలులో మాకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. ఎల్‌ఈడీ దీపాల వెలుతురును బట్టి భవనం లోపల మనిషి ఎక్కడున్నాడో చెప్పే వ్యవస్థకు కాలిబ్రేషన్ (కొలత నిజంతో సరిపోయేలా సరిచూసి దిద్దడం) చేయడం తన ప్రాజెక్టు. ఇక ఇదే నా దారి అంటూ కోడింగ్ శిక్షణ మానేస్తానంటోంది. దీనికి ఉద్యోగాలుంటాయా?

జవాబు: అచ్చంగా ఈ పనికే ఉద్యోగాలంటే చాలా తక్కువండీ. ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో 2015లోనే ఒక కార్ఫూర్ హైపర్‌మార్కెట్‌లో ఫిలిప్స్ సంస్థ ఇలాంటి దీపాలు అమర్చింది. ప్రతి దీపమూ కంటికి తెలియనంత వేగంగా మినుకుమంటూ తన గుర్తు పంపుతుంది. ఫోను కెమెరా దాన్ని చదివి, కావలసిన సరుకు ఏ అరలో ఉందో దారి చూపుతుంది. జీపీఎస్ సరిగా అందని చోట చక్కని ఉపాయమే. కానీ ఫోను జేబులో పెట్టగానే దానికి చూపు పోతుంది. బ్లూటూత్‌కు, వైఫైకి ఆ చిక్కు లేదు.

అయితే నాకు మీ ఉత్తరంలో దీపాలకన్నా కాలిబ్రేషన్ అన్న మాటే విలువైనదిగా తోచింది. కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఎందుకు వేయించుకోవాలో వ్యాపారులైన మీకు నేను చెప్పనక్కరలేదు. ఇదీ ఆ కోవలోని పనే, చిక్కులు మాత్రం ఎక్కువ. మీరు అమ్మే ఎల్‌ఈడీ ఆయుష్షును లెక్కించేది సాధారణంగా అది ఆరిపోయేదాకా కాదు, వెలుగు 70 శాతానికి పడిపోయేదాకా. వెలుగు తీవ్రతను బట్టి దూరం లెక్కగట్టే పరికరానికి ఈ సంగతి తెలియదు. వెలుగు తగ్గింది కాబట్టి దీపం దూరంగా ఉందనుకుంటుంది. సాధారణ ఎల్‌ఈడీ పైకప్పు నుంచి కిందికి, సెన్సర్ నిటారుగా పైకి చూస్తున్నాయనుకుంటే, అందే వెలుగు దూరం నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది, అంటే దూరం రెట్టింపైతే వెలుగు పదహారో వంతవుతుంది. ఆ లెక్కన వెలుగు 70 శాతానికి పడిపోయిన దీపం వల్ల 4 మీటర్ల దూరం 4.37 మీటర్లుగా కనిపిస్తుంది. దీపం చెడిపోలేదు, తీగ తెగలేదు, అయినా 37 సెంటీమీటర్ల తప్పు!

వెలుగు వచ్చే కోణాన్ని బట్టి లెక్కించే పద్ధతిలో తంటా వేరు. దీపం 3 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు ఫోను ఒక్క డిగ్రీ వాలినా దాదాపు 5 సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఇక తెల్లగోడల నుంచి తిరిగొచ్చే వెలుతురు గది మూలల్లో లెక్కను తారుమారు చేస్తుంది.

ఈ తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో విడదీసి చెప్పగలిగితే, ఆ నేర్పు దీపాల దగ్గరే ఆగదు. కార్ల కెమెరాలకు, రాడార్లకు, గిడ్డంగుల్లో తిరిగే రోబోలకు, ఎన్‌ఏబీఎల్ అనే జాతీయ బోర్డు గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ప్రయోగశాలలకు కావలసింది అదే. ఎంటెక్ ప్రవేశాలకు పెట్టే గేట్ పరీక్ష రాసి ఇన్‌స్ట్రుమెంటేషన్‌లోనో సిగ్నల్ ప్రాసెసింగ్‌లోనో ఎంటెక్ చేస్తే దారి ఇంకా తేలికవుతుంది. లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత గట్టిగా రావాలి. కనిష్ఠ వర్గాల పద్ధతిని (లీస్ట్ స్క్వేర్స్, అంటే తప్పుల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా లెక్క సరిపెట్టడం) సొంతంగా ప్రోగ్రాం రాసి చేయగలగాలి. కాబట్టి కోడింగ్ శిక్షణ మానవద్దని చెప్పండి. ఈ ఒక్క విషయంలో నేను మీ పక్షమే.

ప్రాజెక్టు గురించి అమ్మాయికి ఒక మాట. రెండు మీటర్ల చదరంలో 20 సెంటీమీటర్లకో గుర్తు పెడితే 121 చోట్లు వస్తాయి. సగం చోట్ల కాలిబ్రేషన్ చేసి, మిగతా సగంలోనే పరీక్షించాలి. చాలామంది విద్యార్థులు సరిచేసిన చోటే మళ్లీ కొలిచి, తప్పు రెండు సెంటీమీటర్లేనని నివేదికలో రాసేస్తారు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. తర్వాత మీ దుకాణంలో మూల పడి ఉన్న పాత దీపం లోపలి ఎల్‌ఈడీ పలకను ఆమెకు ఇవ్వండి. ప్రాజెక్టుకు వాడుతున్న దీపాల్లో ఒకదాని స్థానంలో దాన్ని బిగించి, లెక్కలు ముట్టుకోకుండా మళ్లీ అన్ని చోట్లా కొలిచి, ఏ మూలన తప్పు ఎంత పెరిగిందో పటం గీయమనండి. ఆ పటంతో నా దగ్గరికి వస్తే ఎంటెక్ సంగతి కూర్చుని మాట్లాడుకుందాం.