నాన్న దుగ్గిరాల వెళ్లారు

మీ అమ్మగారికి డిమెన్షియా అని, చనిపోయిన నాన్నగారు ఏరని రోజూ అడుగుతున్నారని, నిజం చెప్పాలా దాచాలా అని అడిగారు. దాచండి. ఇంకో ఆలోచనే వద్దు. నిజం చెప్పి మా అమ్మను ఏడిపించినదాన్ని నేను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక అమ్మను హైదరాబాద్ తెచ్చుకున్నాను. మూడేళ్లకు మతిమరుపు మొదలైంది. మొదట చూసిన డాక్టరు "వయసు మీద పడితే అంతేనమ్మా" అని పంపించేశారు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు వస్తుంది, కనీసం ఆ పరీక్షలైనా రాయాలి కదా! ఏడాది వృథా అయింది. ఆ కోపం నాకింకా పోలేదు.

డిమెన్షియా ఉన్నవాళ్లలో చాలామందికి సాయంత్రాలే గడ్డు. 6 అయ్యేసరికి అమ్మ కొంగు మెలిపెడుతూ తలుపు దగ్గర నిలబడేది. "మీ నాన్న ఇంకా రాలేదేమే?" అనేది. ఓ రోజు విసిగిపోయి, "నాన్న పోయి నాలుగేళ్లయిందమ్మా" అన్నాను. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. "నాకెవరూ చెప్పలేదేం?" అని, ఆ కబురు అప్పుడే విన్నట్టు ఏడ్చింది. పది నిమిషాలకు కళ్లు తుడుచుకుని మళ్లీ అదే ప్రశ్న. ఆ సాయంత్రం మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ ఏడ్చింది.

డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం అల్జీమర్స్. అందులో ముందుగా దెబ్బతినేవాటిలో మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం ఒకటి. కొత్త సంగతులు మనసులో నిలిచేది దానివల్లే. నాన్న పోవడం అమ్మకు కొత్త సంగతి, నిలవలేదు. ఆయన కోసం 40 ఏళ్లు ఎదురుచూసిన సాయంత్రాలు మాత్రం అలాగే ఉన్నాయి.

మర్నాడు అడిగినప్పుడు, "దుగ్గిరాల యార్డుకు పసుపు వేసుకెళ్లారు కదమ్మా, కాటా ఆలస్యమైందట" అన్నాను. అమ్మ మొహం తేటపడింది. "అయితే ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పొయ్యి, ఆకలి మీద వస్తారు" అంది. గోంగూర కట్ట ముందు పెడితే, ఆకులన్నీ గిల్లి చేటలో పోసి కాడలు పక్కన పేర్చింది.

నన్నడిగితే చుట్టాలతోనే ఎక్కువ బాధ. వచ్చీ రాగానే "నేనెవరో చెప్పు చూద్దాం పిన్నీ" అని పరీక్ష పెడతారు. పేరు తట్టక అమ్మ బెదురుగా నా వైపు చూస్తుంది. "నేను మీ అక్క కూతుర్ని పిన్నీ" అని వాళ్లే చెప్పుకుంటే ఏం పోతుంది? ఇప్పుడు గుమ్మంలోనే చెప్పేస్తున్నాను, ప్రశ్నలు వెయ్యొద్దని. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకోనీ.

మా అన్నయ్య "రోజూ అబద్ధాలేనా?" అంటాడు ఫోన్లో. సాయంత్రం 6 గంటలకు ఇక్కడుంటే తెలుస్తుంది.

మీ నాన్నగారు రోజూ ఎక్కడికి వెళ్లేవారో గుర్తు చేసుకోండి. ఇవాళ అమ్మ అడిగితే అక్కడికే వెళ్లారని చెప్పండి.